గండికోట గాదెయు, మన చెరువును

గత మాఘమాసమున, కంది నూర్పిళ్లు ముగిసి మిరప రెండవ కోతకు ఇంకను పదిదినములు వ్యవధి యున్న సమయమున, పెద్దదోర్నాల ప్రాంతపు రైతులు ఇరువదిమందితో కలిసి మేము గండికోటకు పోయి వచ్చితిమి. ఇది తీర్థయాత్రయా, వినోదయాత్రయా యని దారిలో పలువురు మమ్ము ప్రశ్నించిరి. రెండును గాదు. ఒక తగవు తీరునేమో యని పోతిమి. ఆ తగవు మన సభ్యులలో ననేకుల గ్రామములలో నున్నదే గనుక, చూచినదియు, విన్నదియు ఈ పత్రికలో వ్రాయుట యుక్తమని తోచినది.

మన ప్రాంతమున ఒక గ్రామమున ఒక పాతచెరువు కలదు. దాని పేరు చెప్ప నక్కరలేదు. చదువరులలో పలువురు తమ యూరి చెరువే యని తలంతురు, తలంచినను తప్పులేదు. వాగునుండి ఆ చెరువునకు నీరు తెచ్చు కాలువ పూడిపోయినది. రెండుచోట్ల చేలలో కలిసిపోయినది. చెరువు గర్భమున సర్కారుతుమ్మ అడవివలె పెరిగినది. తూము తలుపు విరిగిపోగా ఇసుకమూటలు అడ్డుపెట్టి కాలము గడుపుచున్నారు. గత సంవత్సరము సంఘసమావేశమున, అందరము కలిసి కాలువ బాగుచేసికొందమని కొందరనిరి. ‘ఈ చెరువు ఇక లేవదు, ఎవరి బోరు వారు వేసికొనుటయే మేలు’ అని తక్కినవారనిరి. సభ రెండు పక్షములై లేచిపోయినది.

ఇచట మా తప్పును మేము దాచరాదు. బోరు మాట ఆ గ్రామమున మొదట వేదికపై చెప్పినది మేమే. వానను నమ్ముకొన్న చెరువును విడిచి, బోరునీటితో మిరప పెట్టుడని పూర్వము మేము సలహా యిచ్చితిమి. మొదట కొన్ని సంవత్సరములు నీరు బాగుగనే వచ్చెను, మేమును సంతోషించితిమి. పిమ్మట ఒకని బోరు నీటిని ప్రక్కవాని బోరు లాగుకొనెను. లోతు పెరిగినకొలది అప్పు పెరిగెను. ఒక సభ్యుడు నాలుగు బోర్లు వేయింపగా, నేడు వానిలో ఒక్కటి మాత్రము దినమునకు రెండుగంటలు పారుచున్నది. మన ప్రాంతపు భూగర్భజలమున ఫ్లోరైడు దోషము కలదని అందరు నెరుగుదురు. పైనున్న వాననీటిని పోనిచ్చి, లోతుననున్న దోషపు నీటికై అప్పు చేయుట యేమి లాభమని ఆలోచింపవలసినది మేము. ఆ యాలోచన మాకు ఆలస్యముగా కలిగినది.

తెల్లవారక మునుపే బస్సులో బయలుదేరి మార్కాపురము మీదుగా ముందుగా కంభము చేరితిమి. అచట గుండ్లకమ్మ రెండు కొండల నడుమ ఇరుకైన త్రోవన పోవుచున్నది. ఆ ఇరుకుననే అడ్డుకట్ట వేసిరి. కట్ట చిన్నది, దాని వెనుక నిలుచు నీరు మాత్రము క్రోసులకొలది వ్యాపించును. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ పదునారవ శతాబ్దమున దీనిని కట్టించెనని ప్రసిద్ధి. సుమారు పదివేల యెకరముల ఆయకట్టు దీని క్రింద నున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని వారసత్వ కట్టడముగా గుర్తించిరి. అదే సంవత్సరము పోరుమామిళ్ల చెరువునకును, కర్నూలు–కడప కాలువకును అట్టి గౌరవమే లభించినది.

కట్టమీద ఒక వృద్ధరైతు మాకు కనబడెను. రాణిగారి కట్టడమును మేము పొగడుచుండగా ఆయన నవ్వి, “అయ్యా, రాణిగారు ఒక్కసారి కట్టించినారు. కాలువలు మేము ఏటేటా కట్టుకొంటున్నాము” అనెను. ఆ మాట మావారిలో కొందరు మరల మరల చెప్పుకొనిరి. పూర్వము మద్రాసు రాజధానిలో రైతులు తమ చెరువుల చిల్లరపనులు తామే చేసికొను ఆచారమునకు కుడిమరామత్తు అని పేరుండెను. 1858లో దానిని చట్టముచేత నిర్బంధము చేసిరి. నిర్బంధము వచ్చినతోడనే ఆచారము బలపడుటకు మారుగా సన్నగిల్లుట లోకసహజము. మరల 1997లో మన రాష్ట్రమున నీటి వినియోగదారుల సంఘముల చట్టము వచ్చినది. చట్టములు వచ్చినవి, పోయినవి. పార పట్టువాడు ఎవ్వడను ప్రశ్న మాత్రము నిలిచియున్నది.

గిద్దలూరు, కలసపాడు మీదుగా మధ్యాహ్నమునకు పోరుమామిళ్ల చేరితిమి. అచటి చెరువునకు అనంతరాజసాగరమని పూర్వనామము. విజయనగరపు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, ఉదయగిరి రాజ్యము నేలుచు దీనిని త్రవ్వించెను. 1369 నాటి శిలాశాసనము ఆ వృత్తాంతమును సంస్కృత శ్లోకములలో చెప్పుచున్నది. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, పని ముగియుటకు రెండు సంవత్సరములు పట్టెనట. దానకీర్తనమును మాత్రమే చెప్పి యూరకుండు శాసనములు లెక్కకు మిక్కిలి. ఇది అట్టిది గాదు. మంచి చెరువునకు కావలసిన అంగములు పండ్రెండు, తగని దోషములు ఆరు అని లెక్కపెట్టి చెప్పినది. ఆ పండ్రెండింటిలో ధర్మాత్ముడైన ప్రభువు ఒకడు, జలశాస్త్రము తెలిసినవాడు ఒకడు, గట్టినేల, తియ్యనినీటి యేరు, దగ్గరనే రాతిగని, లోతును విశాలతయు గల గర్భము, చదునైన సారవంతపు పొలము, పనినేర్చిన జనము మొదలగునవి యున్నవి.

ఆరు దోషములను మేము చదివి అర్థము చెప్పగా మావారు వ్రేళ్లు మడచి లెక్కించిరి. కట్టనుండి నీరు కారుట మొదటిది, చవుటినేల రెండవది, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట మూడవది, చెరువు నడుమ మెరక యుండుట నాలుగవది, నీరు తక్కువయై తడుపవలసిన భూమి ఎక్కువగుట ఐదవది, నీరు ఎక్కువయై భూమి తక్కువగుట ఆరవది. తమ చెరువున కట్ట కారుచున్నదని ఒకరు, నడుమ మెరక వేసినదని మరియొకరు అనిరి. అంతవరకు మాటలాడక కూర్చున్న ఒక సభ్యుడు, “మూడవది కూడ వేసికొనుడయ్యా. మన చెరువు రెండు కక్షల పొలిమేరలో ఉన్నది గదా” అనెను. అందరు నవ్విరి. నవ్వి యూరకుండిరి. ఆ దినమున మరి యెవ్వరును చెరువు మాట ఎత్తలేదు.

ఆ రాత్రి జమ్మలమడుగున విడిసి, మరునాడు ఉదయము గండికోటకు పోతిమి. జమ్మలమడుగు ప్రక్కనుండి దారి మెల్లమెల్లగా ఎక్కును గనుక కొండ ఎక్కుచున్నామను స్మృతియే కలుగదు. కోటలోనికి పోయి, అవతలి అంచున నిలిచిన పిమ్మట గాని ఎంత ఎత్తున నున్నామో తెలియదు. ఎర్రమల కొండలను నిలువునా కోసికొని పెన్నానది పోవుచున్నది. ఆ కోతయే గండి. దాని యొడ్డుననున్నది గనుక గండికోట. క్రింద నీరు, ఇరుప్రక్కల పేర్చినట్లు ఎర్రరాతి పలకలు, అంచున పిట్టగోడ యైన లేదు. మావారిలో పడుచువాండ్రను చేయిపట్టి వెనుకకు లాగవలసివచ్చినది.

పండ్రెండవ శతాబ్దమున ఈ స్థలమున మొదట కోట పుట్టెనని కైఫీయతు చెప్పుచున్నది. విజయనగర కాలమున పెమ్మసాని నాయకులు దీనిని ఏలిరి. పదునేడవ శతాబ్ది నడుమ గోలకొండ సేనాని మీర్‌జుమ్లా పట్టుకొనెను. కడప నవాబులు, మైసూరువారు, నిజాము, ఒకరి తరువాత ఒకరు దీనికి ప్రభువులైరి. 1800లో దత్తమండలములతోబాటు కుంఫిణీవారి వశమైనది. మాధవరాయస్వామి గుడి, రంగనాథుని గుడి, జుమ్మామసీదు, చెరసాల, రాయలచెరువు, కత్తులకోనేరు ఇవన్నియు ఒక్క ప్రాకారములోపలనే యున్నవి. వీని నడుమ నేటికిని ఒక చిన్నగ్రామము కలదు. ప్రజలు కాపురమున్నారు, పశువులు పాడుగోడల నీడన నెమరువేయుచున్నవి.

మావారిని అన్నింటికంటె ఎక్కువ ఆకర్షించినది మసీదు సమీపమున నున్న గాదె. అది రాతికట్టడము, గోడలు బహుమందము, పైకప్పు కమానులుగా కట్టబడినది. వెలుపల ఎండ కాయుచుండగా లోపల చల్లగా నున్నది. ఒకరు అడుగులతో పొడవు కొలిచిరి. ఒకరు గోడను తట్టి చూచి, ఇందులో పురుగు పట్టదని తీర్పు చెప్పిరి. ఇన్ని పుట్లు పట్టునని ఒకరు, కాదు అంతకు రెట్టింపని ఒకరు వాదించుకొనిరి. దారిలోని ఒక గ్రామవృద్ధుడు, “వచ్చినవారందరు లోయ చూచి పోవుదురు. మీరు గాదె చూచుచున్నారు, మీరు రైతులే” అనెను.

అప్పుడు మాలో ఒకరు, ‘ఈ గాదెలోని గింజలు ఎవరివి’ అని అడిగిరి. మంచి ప్రశ్న. కోట గాదె కోట దండుకొరకే. ముట్టడి వచ్చినప్పుడు లోపలివారికి తిండి యుండవలెను. ఆ గింజలు పన్నుగా వచ్చినవి. దించినవాడు రైతు, తాళము ప్రభువుది. ప్రభువు మారినపుడెల్ల తాళము మారినది. చివరకు ప్రభువునకు కోటతో పనియే లేకపోయినది. ఆ దినమున గాదె ఎవ్వరికిని చెందనిదైనది. దానిని కూల్చినవారు లేరు. గోడలు నేటికిని గట్టిగనే యున్నవి. కాని గింజ మాత్రము లేదు.

కొండమీద నీరు లేక గ్రామము చిన్నదైనదందుమా? పూర్వము నీటికి కొరత యుండినట్లు తోచదు. 1652లో తవెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు మీర్‌జుమ్లాను చూచుటకు ఇచటికి వచ్చెను. కొండ నెత్తిమీద మైదానము కలదనియు, అచట వరియు చిరుధాన్యములును పండుచుండెననియు, పెక్కు చిన్నయూటలు ఆ పొలమును తడుపుచుండెననియు ఆయన వ్రాసెను. నీరుండెను, నేల యుండెను, గాదె యుండెను. నిలుపుకొనుటకు రైతుల కట్టుబాటు మాత్రము లేకుండెను. ఉన్నదంతయు కోటదే.

తవెర్నియే స్వదేశమందును ఇట్టి కొండగ్రామమొకటి కలదు. దాని మాట మేము చదివినంత మట్టుకు చెప్పుదుము. ఫ్రాన్సు నైరృతిభాగమున బోర్డో నగరమునకు సమీపమున సెంతెమిలియోఁ అను పురాతన గ్రామము సున్నపురాతి గుట్టమీద నున్నది. రాతిని తొలిచి చేసిన దేవాలయము అచట ప్రసిద్ధము. చుట్టును ద్రాక్షతోటలు. ద్రాక్షసారాయమే ఆ సీమవారి జీవనము. మద్యమును పొగడుటకు మేము ఈ మాట ఎత్తుటలేదు. తాటివనముల సీమలలో దాని ఫలితము మన మెరిగినదే. ఆ రైతుల కట్టుబాటునుగూర్చియే మా తాత్పర్యము.

1199లో ఆ సీమ ఇంగ్లండు రాజైన జాను ఏలుబడిలో నుండెను. ఆయన ఆ యూరి పెద్దల సభకు అధికారపత్రము నిచ్చెను. ఆ సభకు జురాడ్ అని పేరు. కోత ఎప్పుడు మొదలుపెట్టవలెనో సభయే చాటించును. సరకు పరీక్షించి, మంచిదైన పీపాకు ముద్ర వేయును. ఫ్రెంచి విప్లవముతో ఆ సభ అంతరించినది. సభ పోయినను రైతులు కలిసి పనిచేయుట మానలేదు. ద్రాక్ష కోసిన పిమ్మట మన కందివలె నిలువయుండదు. త్వరగా గానుగ కెక్కవలెను. గానుగయు, పీపాలును, కొట్టును లేని చిన్నరైతు వర్తకుడు చెప్పిన ధరకు తలయొగ్గవలెను. అందుచే 1931లో, లోకమంతట ధరలు పడిపోయిన కాలమున, అచటి రైతులు సహకారసంఘము పెట్టుకొని, గానుగను, కొట్టును ఉమ్మడిచేసికొనిరి. 1948లో జురాడును మరల నెలకొల్పిరి. 1999లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతి సంస్థ ఆ గ్రామమును, తోటలను కలిపి ప్రపంచవారసత్వముగా గుర్తించినది. కట్టడములను మాత్రమే గాక, సాగులోనున్న పొలములను గూడ గౌరవించిరని సభ్యులు గమనింపవలెను.

రెండును కొండగ్రామములే. రెండింటను రాతిపని గొప్పది. ఒకచోట గాదె ప్రభువుది, ప్రభువుతో పోయినది. ఒకచోట కొట్టు రైతులది, రైతులతో నిలిచినది. ఈ మాట మేము గాదె నీడన కూర్చుండి చెప్పగా, బోరు పక్షమున నున్న యువకుడొకడు ఎదురు చెప్పెను: “అయ్యా, వాండ్లకు ద్రాక్షకు ధర ఉన్నది. మాకు చెరువులో నీళ్లే లేవు. లేనిదానిని ఉమ్మడి చేసికొని ఏమి పంచుకొందుము?” అది త్రోసివేయదగిన మాట గాదు.

దానికి సమాధానము గండి అంచుననే దొరికినది. పెన్నకు అడ్డముగా కట్టిన గండికోట జలాశయము 26.85 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టును. దానికై ఎన్నియో గ్రామముల రైతులు ఇండ్లను, భూములను విడిచిరి; వారి త్యాగమును మరువరాదు. దానిలోనికి వచ్చునది పెన్ననీరు మాత్రమే గాదు. శ్రీశైల జలాశయమునుండి కాలువలమీదుగా కృష్ణానీరు ఇంతదూరము వచ్చుచున్నది. శ్రీశైలము మన దోర్నాలకు కొండ వెనుకనే గదా యని మావారు నిట్టూర్చిరి. మనకై తలపెట్టిన వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. నల్లమల క్రింద ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటరుల పొడవుగల రెండు సొరంగములు త్రవ్విరి. మేము ఆ యువకునితో ఇట్లంటిమి: ‘నాయనా, కొండ తొలిచి ప్రభుత్వము నీరు తెచ్చుగాక. ఆ నీరు నీ చేనికి వచ్చునది పిల్లకాలువలోనే గదా. ఆ కాలువ నేడు ఎవరి చేలో కలిసియున్నది?’

అతడు మారు పలుకలేదు. ఇంకొకరు తలవంచుకొనిరి. కాలువను తమ చేలో కలుపుకొన్నవారిలో ఒకరు మాతో వచ్చియుండిరి. ఆయనను వ్రేలెత్తి చూపుట మా యుద్దేశము గాదు. పూడిన కాలువలో నాలుగు సాళ్లు ఎక్కువ దున్నని రైతు అరుదు. అయినను ఆయనయే తిరుగుదారిలో బస్సులో లేచి, “మిరప మూడవ కోత అయిన తరువాత కాలువమేర వదలివేయుదును. రెండవ ఆయన కూడ వదలవలెను” అనెను. అందరు చప్పట్లు కొట్టిరి. ఆయన మాత్రము సంతోషముగా కూర్చుండలేదు. నేల విడుచుట ఎవరికిని సులభము గాదని మేమెరుగుదుము.

తిరిగివచ్చిన వారమునకు సభ జరిగినది. జరిగిన నిర్ణయములు, తక్కిన గ్రామములవారికి ఉపయోగించునని, ఇచట వ్రాయుచున్నాము.

మొదటిది: వానలకు ముందు ఇంటికొకరు చొప్పున కాలువపనికి రావలెను. రాలేనివారు ఒక దినపు కూలి సంఘమునకు చెల్లింపవలెను. ధనికునకు, పేదకు ఇదియే నియమము.

రెండవది: ఒండుమట్టి కావలసినవారు తమ ఖర్చుతో తోలుకొనవచ్చును. మట్టిని ముందుగా పరీక్షచేయించి, చవుడు లేదని తెలిసికొన్న పిమ్మటనే తోలవలెను. ఇసుకపాలు హెచ్చుగానున్న ఎర్రచేలకు ఒండు మిక్కిలి మేలుచేయును, తడిని పట్టియుంచును. కట్టమొదట మాత్రము త్రవ్వరాదు. త్రవ్విన కట్ట బలహీనమగును. గర్భమంతయు సమముగా తీయవలెను గాని గుంతలు చేయరాదు.

మూడవది: గర్భమందలి సర్కారుతుమ్మను వేరుతో పెకలింపవలెను, నరికి విడిచిన మరల చిగిర్చును. కట్టమీద పెద్దచెట్లను వేరుతో లాగరాదు. లాగిన బొక్క ద్వారా నీరు కారును. వానిని నరికి, మట్టి దిమ్మిసకొట్టి, గడ్డి పెంచవలెను.

నాలుగవది: చెరువు నిండిన యెడల మొదటి తడి కాలువ చివరి చేలకు. తూము దగ్గరివారు రెండవ వంతు తీసికొందురు. దీనిమీద రాత్రి పదిగంటలవరకు వాదము జరిగినది.

ఐదవది: చెరువు జమాఖర్చులకు వేరు పుస్తకము. ప్రతినెల సమావేశమున దానిని పైకి చదువవలెను. చదువురానివారికి వినుటకైన హక్కు కలదు.

అందరు ఒప్పుకొనిరని వ్రాసిన అది అసత్యమగును. ఆరుగురు సభ్యులు ఇప్పటికిని బోరు మాటనే నమ్మియున్నారు. అప్పుతీరక వేరుదారి లేనివారు వారిలో నున్నారు. మేము వారిని నిందింపము. ఆ దారి చూపినది మేమే గదా. కాలువపనికి మాత్రము వారును వచ్చెదమనిరి. రెండవ ఆక్రమణదారు సభకు రాలేదు. ఆయన యింటికి పెద్దలు ఇద్దరు పోవుటకు నిర్ణయమైనది.

సభ్యులారా, గండికోట గాదె గోడలను మరల చూడగలుగుదుమో లేదో. అవి ఇంకను ఎన్నియో వానలకు నిలుచును. మన చెరువుకట్ట మట్టిది. ఒక్క వానకు తెగవచ్చును. దానికి బలము రాతిలో లేదు, మన రాకలో నున్నది. కాలువపని జరిగిన విధమును, వానలు కురిసిన పిమ్మట చెరువున కెంత నీరు చేరినదియు, ఈ పత్రికలోనే వ్రాయుదుము. నీరు రాకపోయినను వ్రాయుదుము.